పెద్దవారి కంప్యూటరు – లైన్ క్లియర్ నియమం



"మా నాన్నగారు పదవీ విరమణ చేసి ఊళ్లో ఉంటున్నారు. వారికొక కంప్యూటరు ఏర్పాటు చేయదలచాము. ఏది కొనమంటారు?" అన్న ప్రశ్న ఈ శీర్షికకు తరచుగా వస్తూ ఉంటుంది. నిజానికి ఏది కొనాలన్నది ఈ విషయంలో అతి చిన్న భాగం. కొన్న యంత్రాన్ని ఎట్లా అమర్చాలి, ఎవరి అధీనంలో ఉంచాలి, ఆపద వచ్చినప్పుడు ఎవరిని పిలవాలి అన్నవే పెద్ద భాగాలు. ముప్పై, నలభై ఏళ్లు ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ముకూ పరాయి వాడికీ నడుమ నేడు కొన్ని అంకెలు మాత్రమే అడ్డుగా ఉన్నాయి. ఆ అంకెలు ఇతరుల చేతికి పోకుండా, అదే సమయంలో పెద్దవారి స్వాతంత్ర్యం కూడా పోకుండా చూడడం ఎట్లాగో ఈ మాసం పరిశీలిద్దాము.

బిలాస్‌పూరులోని ఒక ఇల్లు

మాకు మేనమామ వరుస అయిన ఒక పెద్దాయన ఇంటిని ఉదాహరణగా తీసుకుంటాము. వారు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరులో ఉంటారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో నాగపూరు – అసన్‌సోల్ ప్రధాన మార్గాన్ని పూర్తి చేసింది. ఆ మార్గం మీద ఉన్న బిలాస్‌పూరు క్రమంగా పెద్ద రైల్వే పట్టణమైంది. అదే కంపెనీ రైళ్లు వాల్తేరు దాకా వచ్చేవి కనుక, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు రైల్వే కొలువు వెదుక్కుంటూ అటు తరలిపోయాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003 ఏప్రిల్ 1 నుండి బిలాస్‌పూరు ప్రధాన కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పనిచేస్తున్నది. రైల్వే కాలనీలోనూ, బుధవారి బజారులోనూ నేటికీ తెలుగు మాట వినబడుతుంది.

మామయ్యగారు ఆ రైల్వేలోనే స్టేషన్ మాస్టరుగా పనిచేసి 2009లో పదవీ విరమణ చేశారు. పిల్లలిద్దరిలో ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగుళూరులో స్థిరపడ్డారు. ఇంట్లో ఆయనా, అత్తయ్యగారూ ఉంటారు. ఆయన తెలుగు చదువుతారు, హిందీ ధారాళంగా మాట్లాడతారు. ఫోను తెర చిన్నదనీ, అక్షరాలు ఆనడం లేదనీ ఒక కంప్యూటరు కావాలన్నారు. అమర్చే పని మా మీద పడింది.

ముందు కాగితం, తరువాత యంత్రం

మేము మొదట చేసిన పని, వారికి కంప్యూటరుతో ఏమేమి పనులున్నాయో వారి చేతనే కాగితం మీద వ్రాయించడం. అయిదు పనులు తేలాయి. మనవలతో వీడియోలో మాట్లాడడం, తెలుగు దినపత్రిక చదవడం, పాత పాటలు, హరికథలు వినడం, రైలు టిక్కెట్లు తీయడం, బ్యాంకు లెక్క చూసుకోవడం. యంత్రం మీద ఈ అయిదే కనబడాలి. కనబడనిది నొక్కే అవసరం ఉండదు, నొక్కనిది పాడు చేయదు.

యంత్రం విషయానికి వస్తే, పిల్లలు వాడి పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాపు చాలామంది ఇళ్లలో ఉంటుంది. దానిని ఇవ్వవచ్చును. అయితే దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయా అన్నది ముందు చూడాలి. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. యంత్రానికి తాహతు ఉంటే విండోస్ 11 వేయవచ్చు. లేకుంటే లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేయవచ్చు. సామాన్య గృహ కంప్యూటర్లను పట్టే వైరస్‌లలో అధిక భాగం విండోస్‌ను ఉద్దేశించి వ్రాసినవి కనుక ఇందులో ఆ బెడద తక్కువ. కాని ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇంటి దగ్గరలో సాయపడగల వ్యక్తికి ఏది తెలుసునో అదే మంచి వ్యవస్థ. మామయ్యగారి పొరుగింటి విద్యార్థికి విండోస్ మాత్రమే తెలుసును. అందుచేత మేము అదే ఉంచాము.

భాష విషయంలోనూ ఇదే న్యాయం. యంత్రమంతా తెలుగులోకి మారిస్తే పెద్దాయన సంతోషిస్తారు గాని, హిందీ, ఇంగ్లీషు మాత్రమే చదవగల ఆ పొరుగింటి అబ్బాయికి ఏమీ తోచదు. కనుక లోపలి అమరికలు ఇంగ్లీషులోనే ఉంచి, తెర మీది అయిదు గుర్తుల క్రింద పేర్లు మాత్రం తెలుగులో వ్రాశాము: "మనవలు", "పేపరు", "పాటలు", "రైలు", "బ్యాంకు". వ్రాయడానికి విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డును చేర్చాము. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు అక్షరం పడుతుంది.

అమరికలో ముఖ్యాంశాలు

ఒకే యంత్రంలో రెండు ఖాతాలు ఏర్పరచాలి. ఒకటి అడ్మినిస్ట్రేటరు ఖాతా, రెండవది దైనందిన వాడుకకు సాధారణ ఖాతా. క్రొత్త ప్రోగ్రాములను యంత్రమంతటికీ చేర్చాలంటే మొదటి ఖాతా పాస్‌వర్డు కావాలి. సాధారణ ఖాతాలో పొరపాటున ఏదైనా నొక్కినా జరిగే నష్టం చాలావరకు పరిమితంగా ఉంటుంది.

బ్రౌజరు ఒక్కటే ఉంచి, దానికి నమ్మదగిన యాడ్ బ్లాకరు చేర్చాలి. వెబ్‌సైట్లు నోటిఫికేషన్లు పంపుతామని అడిగే ప్రశ్నను పూర్తిగా నిలిపివేయాలి. "మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని ఎర్రని తెరతో, కూతలతో భయపెట్టే ప్రకటనలు ఎక్కువగా ఈ రెండు దారులలోనే వస్తాయి. అయినా ఎప్పుడైనా వస్తే ఏమి చేయాలో నేర్పి ఉంచాలి. ఏ బొమ్మనూ నొక్కకుండా, పవరు మీటను పది లెక్కించేవరకు నొక్కి పట్టుకుంటే యంత్రం ఆగిపోతుంది. ఇది మామయ్యగారి చేత మూడుసార్లు చేయించాము. ఆపడం తన చేతిలో ఉన్నదని తెలిసిన వ్యక్తికి భయం సగం తగ్గుతుంది.

అక్షరాలను నూట యాభై శాతానికి పెంచాము. మౌసు బాణాన్ని పెద్దది చేశాము. రెండుసార్లు నొక్కే వేగాన్ని తగ్గించాము. సవరణలు వాటంతట అవే జరిగేటట్లు పెట్టాము. ఫొటోలను నెలకొకసారి విడి డిస్కులోకి ఎక్కించి, డిస్కును తీసి బీరువాలో పెట్టే పనిని అత్తయ్యగారు తీసుకున్నారు.

పాస్‌వర్డులను నోటు పుస్తకంలో వ్రాసుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. నిరభ్యంతరంగా వ్రాసుకోవచ్చును. ఎక్కడో దూరాన కూర్చున్న మోసగాడు మన బీరువా తెరవలేడు. జ్ఞాపకం ఉండదని అన్నింటికీ ఒకే పాస్‌వర్డు పెట్టడం కంటె ఇది ఎంతో మేలు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఎక్కడా వ్రాయరాదు.

సొమ్మును వేరు చేయడం

యంత్రాన్ని ఎంత పకడ్బందీగా అమర్చినా, మనిషిని మాటలతో ఒప్పించే మోసాన్ని అది ఆపలేదు. అందుచేత నష్టానికి ముందే హద్దు గీయాలి. పింఛను పడే ఖాతాకు యూపీఐ గాని, ఇంటర్నెట్ ద్వారా సొమ్ము బదిలీ చేసే వీలు గాని పెట్టలేదు. వేరొక చిన్న ఖాతా తెరిచి, నెల ఖర్చుకు సరిపడ మొత్తం మాత్రమే అందులో ఉంచుతున్నారు. యూపీఐ, రైలు టిక్కెట్ల చెల్లింపులు ఆ ఖాతా నుండే. ఏ దుర్ఘటన జరిగినా నెల ఖర్చుతో పోతుంది గాని జీవితకాలపు సొమ్ము జోలికి పోదు.

బ్యాంకు ఫోను నంబర్లను ఇంటర్నెట్‌లో వెదకరాదు. కస్టమర్ కేర్ పేరిట దొంగ నంబర్లు పెట్టి కాచుకొని ఉండేవారున్నారు. పాసు పుస్తకం మీద, కార్డు వెనుక ఉన్న నంబరునే పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించాలి. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అన్న చివరి పేరుకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు విధించింది. ఆ పేర్ల నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించింది. "బ్యాంకు" అన్న గుర్తును ఆ చిరునామాకు మేమే కలిపి ఉంచాము. ఎవరో పంపిన లింకు ద్వారా బ్యాంకులోకి వెళ్లే పని ఇక లేదు.

స్టేషనుకు మాస్టరు ఒకరే

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కుమారుడు హైదరాబాదు నుండి, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు తన వద్దనే ఉండాలనీ, బ్యాంకు సందేశాలన్నీ తన ఫోనుకే రావాలనీ కోరాడు. తండ్రి మీది ప్రేమతో అన్న మాటే. మామయ్యగారు మాత్రం, "నా సొమ్ము సంగతి నాకు తెలియకుండా నీకు తెలియడమేమిటిరా? స్టేషనుకు మాస్టరు ఒకడే ఉండాలి" అన్నారు.

ఆ మాటలో న్యాయమున్నది. భద్రత పేరిట పెద్దవారి చేతిలోని తాళపుచెవులు లాక్కోవడం అనేక ఇళ్లలో జరుగుతున్నది. దాని ఫలితం రెండు విధాల చెడ్డది. వారికి యంత్రం మీద ఆసక్తి పోతుంది. ఏదైనా పొరపాటు జరిగితే, పిల్లలు కోపపడతారన్న జంకుతో దాచిపెడతారు. మోసగాళ్లకు కావలసింది ఆ మౌనమే.

పరిష్కారం రైల్వేలోనే దొరికింది. సింగిల్ లైను మీద ఒక స్టేషను నుండి బండి బయలుదేరాలంటే, ఆ స్టేషన్ మాస్టరు ఒక్కరి ఇష్టం చాలదు. ముందున్న స్టేషను నుండి లైన్ క్లియర్ రావాలి. టోకెన్ పరికరాలున్న చోట, అవతలి స్టేషను సహకరించనిదే ఇవతలి పరికరం నుండి టోకెన్ బయటకు రాదు. ఒక టోకెన్ బయట ఉండగా రెండవది రాదు. ఇందులో ఒక మాస్టరు మరొకరికి యజమాని కాడు. ఎవరి స్టేషను వారిదే. అయినా ఇద్దరూ ఒప్పుకోనిదే బండి కదలదు.

ఈ పద్ధతినే ఇంటికి వర్తింపజేశాము. పాస్‌వర్డు కవరులో పెట్టి, అతికించి, మామయ్యగారి బీరువాలోనే ఉంచాము. బ్యాంకు సందేశాలు ఆయన ఫోనుకే వస్తాయి. అయితే అయిదు వేల రూపాయలు దాటిన ఏ చెల్లింపుకైనా, క్రొత్త ప్రోగ్రాము దేనికైనా, ఆయన ముందుగా కుమారునికి గాని కుమార్తెకు గాని ఫోను చేసి లైన్ క్లియర్ తీసుకుంటారు. తమ పెద్ద చెల్లింపులకు పిల్లలు కూడా ఆయనతో ఒక మాట చెప్పాలన్నది ఆయన పెట్టిన షరతు. దానికి పిల్లలు ఒప్పుకున్నారు. నియమం ఇరువైపులా ఉన్నది కనుక ఎవరికీ చిన్నతనం లేదు.

ప్రైవేటు నంబరు

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఫోనులో వచ్చిన అధికార స్వరానికి వెంటనే బదులు చెప్పడం ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు అలవాటైన పని. నేటి మోసగాళ్లు ఆ అలవాటు మీదనే దెబ్బ కొడుతున్నారు. పోలీసు దుస్తులలో వీడియోలో కనబడి, "మీ పేరిట కేసు ఉన్నది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాము, ఎవరికీ చెప్పవద్దు" అని గంటల తరబడి కూర్చోబెట్టి సొమ్ము గుంజుతున్నారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ఈ విషయం ప్రస్తావించి, ఆగడం, ఆలోచించడం, అటుపిమ్మట చర్య తీసుకోవడం అన్న మూడు మెట్లను సూచించారు.

స్టేషన్ మాస్టర్లకు ఆగడం క్రొత్త కాదు. గేటు మూశామని గేట్‌మన్ ఫోనులో చెబితే చాలదు, దానికి ప్రైవేటు నంబరు కావాలి. ముద్రించిన జాబితాలోని అంకెలను వరుసగా వాడుతూ, వాడినదానిని కొట్టివేస్తారు. నంబరు లేని మాట మాటగా చెల్లదు. గొంతు గుర్తుపట్టామన్నది ఆధారం కాదు. కంప్యూటరు సహాయంతో ఎవరి గొంతునైనా అనుకరించగలుగుతున్న ఈ రోజులలో ఆ పాత నియమం విలువ ఇంకా పెరిగింది.

కనుక ఆ కుటుంబం తమకొక ప్రైవేటు మాట పెట్టుకున్నది. పిల్లలు గాని, మనవలు గాని సొమ్ము కావాలనో, ఆపదలో ఉన్నామనో ఫోను చేస్తే ఆ మాట చెప్పాలి. వాడిన తరువాత అది చెల్లదు. క్రొత్తది పెట్టుకుంటారు. ఓటీపీ కూడా ఇటువంటి అంకెయే, ఒక్కసారికే చెల్లుతుంది. తేడా ఏమంటే, దానిని ఇంటివారితో సహా ఎవరికీ చదివి వినిపించరాదు.

కొంతకాలానికి మామయ్యగారికి ఒక ఫోను వచ్చింది. పింఛను కార్యాలయం నుండి మాట్లాడుతున్నామనీ, లైఫ్ సర్టిఫికెట్టు అందలేదనీ, పీపీఓ నంబరూ, ఇప్పుడు వచ్చే ఓటీపీ చెప్పకుంటే పింఛను ఆగుతుందనీ అవతలి వ్యక్తి గద్దించాడు. "ముందు మీ ప్రైవేటు నంబరు చెప్పండి" అని ఈయన హిందీలో అడిగారు. అవతలి వాడికి అర్థం కాలేదు. రెండవసారి అడిగేసరికి ఫోను పెట్టివేశాడు. ఈయన ఆ వెంటనే పిల్లలిద్దరికీ సంగతి చెప్పారు. దాచకుండా చెప్పడమే మాకు అన్నిటికంటె తృప్తినిచ్చిన విషయం.

లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఫోనులో ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో, 2021 నుండి ముఖాన్ని చూపి ఆండ్రాయిడ్ ఫోను ద్వారానే దాఖలు చేయవచ్చును. ఇండియా పోస్టు పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్టుమాన్‌ను ఇంటికి పిలిపించుకొని కూడా ఇవ్వవచ్చును. ఎనభై ఏళ్లు నిండినవారు అక్టోబరు 1 నుండే ఇవ్వవచ్చును.

దూరపు సహాయం

పిల్లలు దూరాన ఉండి పెద్దవారి తెరను చూస్తూ సరిదిద్దే ప్రోగ్రాములున్నాయి. అవి ఉపయోగకరమైనవే. కాని ఆ దారిలోనే మోసగాళ్లు ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మేము పెట్టిన నియమం ఒక్కటే: సాయం కావలసినవారే ఫోను చేయాలి. "మీ కంప్యూటరులో లోపమున్నది, సరిచేస్తాము" అని తమంతట తాము పిలిచినవారెవరైనా, వారు ఏ కంపెనీ పేరు చెప్పినా, తెర చూపరాదు.

గోడకు అంటించవలసిన కాగితం

మామయ్యగారి బల్ల ఎదుట అంటించిన కాగితంలోని మాటలివి. పాఠకులు తమ ఇంటికి తగినట్లు మార్చుకోగలరు.

1. భయం వేస్తే పవరు మీట నొక్కి పది లెక్కపెట్టాలి.
2. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పరాదు. సొమ్ము రావడానికి పిన్ కొట్టనక్కరలేదు.
3. అయిదు వేలు దాటితే లైన్ క్లియర్ తీసుకోవాలి.
4. ఇంటివారైనా ప్రైవేటు మాట చెప్పాలి.
5. "ఎవరికీ చెప్పవద్దు" అన్నవాడి సంగతి వెంటనే ఇంట్లో చెప్పాలి.
6. సొమ్ము పోతే ముందు 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు ఫోను చేయాలి.

చివరి అంశాన్ని గురించి మరొక మాట. 1930 దేశమంతటికీ వర్తించే సైబర్ నేరాల సహాయ నంబరు. మోసగాళ్లు సొమ్మును ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు వేగంగా తరలిస్తారు కనుక, ఎంత త్వరగా చెబితే దానిని మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన సర్క్యులరులో, ఖాతాదారు తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా జరిగిన నష్టాన్ని మూడు పనిదినాలలో తెలిపితే ఖాతాదారుపై భారం ఉండదని చెప్పింది. ఖాతాదారే అజాగ్రత్తతో రహస్య వివరాలు ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదే, తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుది అని కూడా చెప్పింది. ఏ విధంగా చూసినా ఆలస్యమే నష్టం. "ఎందుకు చెప్పావు, ఎందుకు నొక్కావు" అన్న ప్రశ్నలు తరువాత వేయవచ్చును, ముందు ఫోను చేయించాలి.

నెలకొకసారి పిల్లలెవరైనా ఆ కాగితాన్ని పెద్దవారితో కలిసి చదవడం మంచిది. మన సంస్థలో అగ్నిమాపక అభ్యాసం జరిపించేది మంటలు రాని రోజులలోనే గదా. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలలో యంత్రం సంగతులతో పాటు యోగక్షేమాలు కూడా తెలుస్తాయి.

ఈ దీపావళి సెలవులకు ఇంటికి వెళ్లే మిత్రులు, క్రొత్త కంప్యూటరు కొనకపోయినా ఫరవాలేదు. ఒక తెల్ల కాగితం, లావుపాటి కలం తీసుకొని వెళ్లండి. పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, వారి మాటలలోనే ఆ ఆరు నియమాలు వ్రాయించండి. మీ ఇంట పెట్టుకున్న పద్ధతులను మాకు వ్రాసి పంపితే, తగినవాటిని రాబోయే సంచికలలో తోటి పాఠకులతో పంచుకుంటాము. వచ్చే మాసం ఇంటి విద్యుత్తు ఎర్తింగు గురించి ముచ్చటించుకుందాము.